డోలి ఆగిన అర క్షణం

మేము డోలి వాయించే కుర్రాళ్ళం. భద్రాచలం నుంచి మణుగూరు దాకా, ఇటు ఖమ్మం అడవి అంచు ఊళ్ళ దాకా ఎక్కడ పండుం ఉన్నా, పెళ్ళి ఉన్నా మాకు కబురు వస్తుంది. వాయించడం అయ్యాక రాత్రి ఒకచోట కూర్చుని సెల్లులో పాటలు వింటాం. సినిమా పాటలు, కీర్తనలు, మా పెద్దల పాటలు అన్నీ వింటాం. వినగా వినగా మాకొక అలవాటు పట్టుకుంది. పాట బాగుందా లేదా అని కాదు, ఇందులో ఏ చోటు బాగుంది అని ఒకరినొకరం అడుగుతాం. ఒక్కోసారి ఆ చోటు రెండు సెకన్లు కూడా ఉండదు. దానికోసమే పాటను వెనక్కి జరిపి మళ్ళీ వింటాం. అలాంటి కొన్ని చోట్లు ఇవి.

మొదటిది రేల పాటలోది. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని వరసగా నిలబడతారు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె చివరి అక్షరం పూర్తి కాకముందే వరస రేల అంటూ లేస్తుంది. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడే ఆ అర క్షణం మాకు ప్రాణం. ఒకరు ఊపిరి తీసుకునే లోపు ఇంకొకరు పాటను మోస్తారు. పండుంలో సెల్లుతో తీసిన రికార్డులో ఇది చక్కగా వినిపిస్తుంది. స్టూడియోలో ఒక్కొక్కరితో విడిగా పాడించి తర్వాత కలిపిన వాటిలో ఆ చోట చిన్న ఖాళీ వస్తుంది. గొంతులు శుభ్రంగానే ఉంటాయి, వరస మాత్రం విడిపోయినట్టు ఉంటుంది.

రెండోది మేడారంది. రెండేళ్ళకోసారి జరిగే జాతరలో సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. భక్తులు సెల్లులో తీసిన వీడియోల్లో ఆ చప్పుడు రాగానే డోలి, తూతకొమ్ము, జనం కేకలు అన్నీ ఒక్కసారి అణిగిపోతాయి. ఆ వెంటనే డోలి మళ్ళీ పైకి వస్తుంది. పెద్ద చప్పుడు తగిలితే సెల్లు తనంతట తానే శబ్దం తగ్గించుకుంటుందని మాకు తెలుసు. అయినా కాకతీయుల సైన్యాన్ని ఎదిరించిన తల్లి జాతరలో, సర్కారు తుపాకీ కింద నుంచి డోలి లేచి రావడం వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

మూడోది భద్రాచలం రామదాసు కీర్తన. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన 'పలుకే బంగారమాయెనా' ఇక్కడ మైకుల్లో వింటూ పెరిగాం. ఆ మొదటి మాటను ఆయన సాగదీసి దించే చోటు మాకు ఇష్టం. అది ఆనందభైరవి రాగం. జానపదుల బాణీల నుంచే ఆ రాగం పుట్టిందని సంగీతం తెలిసినవాళ్ళు చెబుతారు. ఆ మాట విన్నాక గుడి మైకు మాకు పరాయిదిగా అనిపించలేదు. మా అవ్వ నాట్లేస్తూ తీసే కూనిరాగం కూడా దానికి దూరపు చుట్టమేనేమో అనుకున్నాం.

నాలుగోది 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట. మొదట నల్లమల వైపు నుంచి వచ్చిన దర్శనం మొగులయ్య గొంతూ కిన్నెరా వినిపిస్తాయి. తర్వాత పాట వేరే గొంతులకు వెళ్ళిపోతుంది. ఆయన గొంతు ఆగి, పెద్ద వాద్యాలు మీద పడే ముందు ఉండే ఆ సందు దగ్గర మేము ఆపేస్తాం. కొన్ని తరాల విద్య సినిమా పాటకు గుమ్మంలా నిలబడింది. గుమ్మం దాటి ఇంట్లోకి కూడా పిలిస్తే బాగుండేది.

ఐదోది పాటే కాదు, పేరు. 1902లో కలకత్తాలో గ్రామోఫోన్ కంపెనీ వాళ్ళు గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశారు. ప్లేటు ఒక పక్కకు మూడు నిమిషాలే పట్టేది. పాట చివర ఆమె గట్టిగా ఇంగ్లీషులో తన పేరు చెప్పింది. ఆ ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్ళకు పాడింది ఎవరో తెలియాలని అలా చెప్పించేవారు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు పాటకు అతుక్కునే ఉంది.

ఇది వింటే మాకు మా పెద్దలు గుర్తొస్తారు. ఒక పండుంకు వీడియో తీసేవాళ్ళు వచ్చి మా ఊరి తాత పాట తీసుకెళ్ళారు. పాడే ముందు తాత తన ఇంటిపేరు, గట్టు, ఊరు చెప్పుకున్నాడు. డోలి మీద రెండు దెబ్బలు వేసి, దగ్గి, అప్పుడు ఎత్తుకున్నాడు. బయటికొచ్చిన వీడియోలో అవేవీ లేవు. పాట నేరుగా మొదలవుతుంది. కింద 'గిరిజన పాట' అని రాసి ఉంది, అంతే. తాత లేడిప్పుడు. ఆ వీడియో చూసే పిల్లలకు ఆయన ఎవరో తెలిసే దారి లేదు.

డోలి కథలో పేరు చెప్పడం మర్యాద కోసం కాదు, అది కథలో భాగమే. పడిగె మీది బొమ్మలు చూపిస్తూ మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని వంశాలు చెప్పే విద్య మాది. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య తాత ఆ చరిత్రలను కోయ బాసలోనూ తెలుగులోనూ పాడాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో వెళ్ళిపోయాడు. కూనవరం అంటే ఏ కూనవరం? శబరి గోదావరిలో కలిసే చోట ఇంకొక కూనవరం ఉంది. 2014లో అది ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, పోలవరం ముంపు మండలం అయింది. మండలం పేరు చెప్పకపోతే పదేళ్ళ తర్వాత ఒక కూనవరం పాట ఇంకొక కూనవరానికి పోతుంది. ముంపు ఊళ్ళ నుంచి కాలనీలకు వెళ్ళినవాళ్ళకు ఆ పాత ఊరి పేరు పాటలోనే మిగులుతుంది.

అందుకే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఆశ్రమ పాఠశాలల్లో చెప్పే సార్లకు, టీచరమ్మలకు మా మాట ఇది. సెలవులకు ఇంటికెళ్ళే పిల్లలతో ఒక్క పాటైనా రికార్డు చేయించండి. ముందు పెద్దల అనుమతి అడగాలి. వేల్పుల దగ్గర మాత్రమే పాడాల్సినవి ఉంటాయి, వాటిని బయట పెట్టాలా వద్దా అనేది వాళ్ళే చెప్పాలి. పాట మొదలవడానికి కొంచెం ముందే బటన్ నొక్కాలి, అయిపోయాక కాసేపు ఆగాలి. పాడేవారి పేరు, ఇంటిపేరు, గట్టు, ఊరు, మండలం, తేదీ, ఏ సందర్భంలో పాడేది అన్నీ వాళ్ళ గొంతుతోనే చెప్పించాలి. దగ్గు వచ్చినా, కోడి కూసినా, పక్కన చంటిపిల్ల ఏడ్చినా కత్తిరించవద్దు. ఒక కాపీ బడి కంప్యూటరులో, ఇంకొకటి పాడినవారి ఇంట్లో ఉంచాలి.

ఈసారి భూమి పండుగకు మేము మా ఊళ్ళో మొదలుపెడుతున్నాం. మీ ఊళ్ళో రికార్డు చేశాక మమ్మల్ని పిలవండి, డోలి తెచ్చుకుని వస్తాం. కూర్చుని విందాం, మీకు ఏ చోటు నచ్చిందో చెబుదురుగాని.