వెలుగుకు కొలత

సాహిత్యంలో దీపానికి ఉన్న గౌరవం టార్చిలైటుకు దక్కలేదు. తెలుగు కవులు దీపాన్ని కీర్తించారు. ఉర్దూ కవులు షమాను, దాని చుట్టూ తిరిగే పర్వానాను లెక్కలేనన్ని షేర్లలో గానం చేశారు. మీట నొక్కగానే వెలిగే ఈ చేతిదీపాన్ని మాత్రం వారు అంతగా పట్టించుకున్నట్లు లేదు. అయితే జనం పట్టించుకున్నారు. ఉర్దూ వాడుకలో దానికి ‘చోర్‌బత్తీ’ అని పేరు పెట్టారు. పట్టుకున్నవాడిని చీకటిలో ఉంచి, ఎదుటిదాన్ని మాత్రమే బయటపెట్టే దీపానికి ఇంతకన్న తగిన పేరు ఉండదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే మేము ఈ విషయం ఎత్తుకోవడం పాఠకులకు వింతగా తోచవచ్చు. భౌతికశాస్త్ర విద్యార్థులు కొందరు ప్రదర్శన కోసం శక్తిమంతమైన టార్చిలైటు ఒకటి తయారుచేయ సంకల్పించి, దానికి మంచి తెలుగు పేరు పెట్టమని మా వద్దకు వచ్చారు. వారి నమూనా కాగితం నిండా సూచనలే. “మూడు వేల ల్యూమెన్లు ఉండాలి సార్, చెరువు అవతలి గట్టు కనిపించాలి” అన్నాడొక విద్యార్థి. “ఎరుపు, నీలం రంగులు కూడా వెలగాలి, మిణుకుమిణుకుమనాలి” అన్నది ఇంకొక అమ్మాయి. వారి ఉత్సాహం మాకు ముచ్చట గొలిపింది. కాని ఆ దీపం పట్టుకొని ఎవరు, ఎక్కడికి, ఎందుకు నడుస్తారు అన్న ప్రశ్న ఆ కాగితంలో ఎక్కడా కనిపించలేదు.

ఆ ప్రశ్న మాకు తోచడానికి కారణం మా మేనమామగారు. ఆయన బోరుబావి కింద వరి పండిస్తారు. తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల విద్యుత్తు 2018 జనవరి 1న మొదలయింది. అంతకు పూర్వం కరెంటు వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు వచ్చినప్పుడు మోటారు వేయడానికి ఆయన పొలం గట్ల వెంట నడిచి వెళ్లేవారు. ఒకసారి బజారులో అన్నిటికంటె పెద్ద టార్చి కొన్నారు. వారం తిరగకముందే దాని అద్దానికి తెల్ల రుమాలు కట్టారు. ఎందుకు మామూ అని అడిగితే, “వెలుగు పోయి అవతలి వేపచెట్టు మీద పడుతున్నది బేటా, నా కాలి ముందర పడడం లేదు. దాన్ని ఆర్పితే కాసేపు గట్టు కూడా కనబడదు” అన్నారు.

ఆయన మాటలో శాస్త్రం ఉన్నది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి సుమారు అరగంట పడుతుంది; తీవ్రమైన వెలుగు ఆ అలవాటును క్షణాల్లో చెరుపుతుంది. ఇక కాలి ముందర ఏముంటుందో పల్లెవారికి చెప్పనక్కరలేదు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో మరణించినవారు దాదాపు 12 లక్షలని, అనగా ఏటా సగటున 58 వేలని అంచనా కట్టింది. వారిలో అత్యధికులు గ్రామీణులు. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. కావున టార్చిలైటు రూపకల్పన ప్రదర్శనశాలతో ముగిసే విషయం కాదని మా అభిప్రాయం.

ఈ దీపం చరిత్ర చిన్నదే. గొట్టం ఆకారపు చేతిదీపానికి అమెరికాలో 1899 జనవరి 10న డేవిడ్ మిసెల్ పేర పేటెంటు లభించింది. ఆనాటి బ్యాటరీలు బలహీనమైనవి. దీపాన్ని మెరుపులా వెలిగించి ఆర్పవలసి వచ్చేది. ఫ్లాష్‌లైట్ అన్న పేరు అలా వచ్చినదే. మా బాల్యంలో చూసిన రెండు సెల్లుల టార్చి ఇచ్చే వెలుగు సుమారు పది ల్యూమెన్లు. జపాను శాస్త్రజ్ఞులు ఇసాము అకసాకి, హిరోషి అమానో, జపానులో పుట్టి పనిచేసిన షుజి నకమురా సాధించిన నీలి ఎల్.ఇ.డి. ఈ స్థితిని మార్చింది. నీలి కాంతికి పసుపు కాంతినిచ్చే పూత తోడై తెల్లని వెలుగు పుట్టింది. ఆ ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు అరచేతిలో ఇమిడే టార్చి వేయి ల్యూమెన్లు ఇవ్వగలదు.

ఇవ్వగలదు సరే, ఎంతసేపు? 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల ‘18650’ లిథియం సెల్లును తీసుకుందాం. 3,000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లులో దాదాపు 11 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఒక వాట్‌కు నూరు ల్యూమెన్లు వస్తాయనుకుంటే, మూడు వేల ల్యూమెన్లకు ఆ శక్తి ఇరవై నిమిషాలు చాలుతుంది. వేయి ల్యూమెన్లకు గంట, నూరు ల్యూమెన్లకు పది గంటలు. మామూ నడకకు నూరు కూడా ఎక్కువే.

రెండవ చిక్కు వేడి. పాత బల్బు తన వేడిని చాలావరకు కిరణాలుగా ముందుకు వెదజల్లేది. ఎల్.ఇ.డి. వేడి దాని వెనుకనే మిగిలి, రాగి పలక ద్వారా అల్యూమినియం ఒంటికి, అక్కడి నుండి మన అరచేతికి చేరుతుంది. చిన్న టార్చిలో ముప్పై వాట్లు పోస్తే నిమిషాల్లో చేయి కాలుతుంది. అందుచేత లోపలి సర్క్యూటు తనంతట తానే వెలుగు తగ్గిస్తుంది. పెట్టె మీది అంకె ఆ మొదటి నిమిషాలకే వర్తిస్తుంది.

మూడవది దూరం. మోటారు ఎంత నీరు పోస్తున్నదన్నది ఒక లెక్క, గొట్టం చివర ధార ఎంత దూరం దూకుతున్నదన్నది వేరొక లెక్క. మొదటిది ల్యూమెన్, రెండవది క్యాండెలా. అమెరికాలో 2009లో వెలువడిన ఎఫ్.ఎల్.1 ప్రమాణం ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు, అనగా ఇంచుమించు పున్నమి వెన్నెలకు, తగ్గేవరకు గల దూరమే ఆ టార్చి దూరం. క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే అది మీటర్లలో వస్తుంది. పదివేల క్యాండెలాలకు 200 మీటర్లు. దానిని 400 చేయాలంటే నలభై వేలు కావాలి. పైగా లోతైన నున్నని అద్దం దూరాన్ని ఇస్తుంది, గరుకు అద్దం వెడల్పును ఇస్తుంది. రెండింటినీ ఒకే అద్దం నుండి కోరరాదు.

విచిత్రమేమనగా, ఈ దీపాల మీద మక్కువతో వాటిని విప్పి బిగించే ఔత్సాహికులు పలువురు కోరేది కేవలం అధిక కాంతిని కాదు. మొదటి నొక్కుకు అతి తక్కువ వెలుగు రావాలంటారు. మిణుకు వెలుగు దారికి అడ్డురాకూడదంటారు. సెల్లు బయటికి తీసి మార్చుకునేలా ఉండాలంటారు. తిరగేసి పెట్టినా కాలిపోకూడదంటారు. సెల్లు మరీ అడుగంటకముందే దీపం హెచ్చరించాలంటారు. ల్యూమెన్లు కొంత తగ్గినా ఎరుపు ఎరుపుగా, మట్టి మట్టిగా కనిపించే వెలుగు మేలంటారు. ఎండుటాకుల మధ్య రక్తపింజరను గుర్తించవలసిన కంటికి ఈ చివరి సూచన ఎంత విలువైనదో వేరుగా చెప్పాలా?

విద్యార్థులకు మా సలహా ఇది. వెడల్పైన వెలుగు ఎంచుకోండి. పది, నూరు, ఐదు వందల ల్యూమెన్లు అనే మూడు మెట్లు పెట్టి, చిన్న మెట్టుతో ఆరంభించండి. పెద్ద మెట్టు ఆపదకు ఉంచండి. మీరు తయారుచేసిన దానిని మీరే కొలవండి. ఐదు మీటర్ల దూరాన లక్స్ మీటరు చూపిన అంకెను ఇరవై ఐదుతో హెచ్చిస్తే క్యాండెలాలు వస్తాయి. కొలవని అంకెను పెట్టె మీద రాయకండి. ఆ అంకెను నమ్మి ఎవరో ఒకరు రాత్రివేళ గట్టు మీద అడుగు వేస్తారు.

కళాశాల కార్యవర్గ సభ్యులకు మా చిన్న మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక లక్స్ మీటరు ఇప్పించండి. ప్రదర్శన ముగిసిన పిదప ఆ టార్చిని ఒక రాత్రి పొలం గట్టు మీద రైతు చేతికిచ్చి, ఆయన అభిప్రాయం తెలుసుకునే ఏర్పాటు కూడా చేయించండి. మా మేనమామగారు సిద్ధంగా ఉన్నారు. ఈసారి రుమాలు అవసరం రాకూడదన్నది ఆయన పెట్టిన ఏకైక షరతు.