కూఫ్‌స్టైను గాజుకొలిమి

మా తమ్ముడు జర్మనీదేశమున మ్యూనిచ్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. గత వేసవిలో మా వారికి బడి సెలవులు రాగానే మేమిరువురము వాని యింటికి పోయి నెలదినములుంటిమి. చేరిన మఱునాడే వాడొక సంగతి సంకోచముతో చెప్పెను. వాని కార్యాలయపు పెద్దగారు, ఆయన భార్య, తల్లి మునుపొకసారి భోజనమునకు వచ్చుచు, ఆ దేశాచారమును బట్టి ఒక ద్రాక్షాసవపు సీసాను కానుకగా తెచ్చిరట. ఇంట వేఱు పాత్రలు లేకపోవుటచే తమ్ముడు దానిని స్టీలు గ్లాసులలో అంచువఱకు నింపి యిచ్చెనట. అందఱును మర్యాదకు త్రాగిరి గాని, ముసలమ్మగారు మాత్రము గ్లాసును ముక్కుకడకు తెచ్చికొని, మాటాడక క్రింద పెట్టెనట.

“అక్కా, ఆనాటి సిగ్గు నాకింకను తీఱలేదు. వచ్చు ఆదివారము వారిని మరల పిలిచితిని. ఏ పాత్రలు కొనవలెనో నీవే చూచి చెప్పుము” అని వాడనెను.

మా పుట్టినింటను మెట్టినింటను మద్యము గడప దాటి రాలేదు. అట్టి మేము దాని పాత్రల నెన్నుటకు పూనుట తగునా యని వెనుదీసితిమి. అంత మా వారు నవ్వి, “నిన్ను త్రాగుమన్నవారెవరు? అతిథికేది యెందులో పెట్టవలెనో తెలిసికొనుట యిల్లాలి పనియే గదా” అనిరి. చిన్ననాడు మా నాయనగారియొద్ద చదివిన సుశ్రుతసంహిత అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. నేతిని ఇనుపపాత్రలోను, పండ్లను ఆకులలోను, నీళ్లను పానకమును మద్యమును మట్టిపాత్రలలోను, రాగషాడవములను గాజు, స్ఫటికపాత్రలలోను ఈయవలెనని సూత్రస్థానమున కలదు. మన పెద్దలే యింత వివరముగా చెప్పియుండగా మనకేల సంకోచమని ఊఱడిల్లి ప్రయాణమైతిమి.

కూఫ్‌స్టైను ఆస్ట్రియాదేశపు సరిహద్దునందలి చిన్నపురము. మ్యూనిచ్ నుండి రైలులో గంటకు పైగా పట్టును. చుట్టును కొండలు, నడుమ ఇన్ నది, ఊరి మధ్య నొక నిలువురాతిపై పాతకోట. కోటయందు 1931లో నెలకొల్పిన గొప్ప ఆర్గన్ వాద్యము కలదు. మొదటి ప్రపంచయుద్ధమున మడిసినవారి స్మృతికై మధ్యాహ్నము పండ్రెండు గంటలకు దానిని వాయింతురు. మేము వంతెన దాటుచుండగా ఆ నాదము కొండలలో మాఱుమ్రోగెను. వీథిలోనివారు నిలిచి వినుట చూచి మేమును నిలిచితిమి.

గాజుకొలిమి రీడెల్ వంశమువారిది. వారు 1756 మొదలు బొహీమియాలో గాజుపని చేసినవారు. 1945లో యుద్ధము ముగిసినపుడు వారి కర్మాగారములు పోయినవి. వాల్టర్ రీడెల్‌ను సోవియట్టువారు బందీగా కొనిపోగా, ఆయన పదేండ్లకు, 1955లో, తిరిగి వచ్చెను. మఱుసటియేడే తండ్రికొడుకు లీ యూర మరల కొలిమి వెలిగించిరి. ఆ కొడుకే క్లౌస్ రీడెల్. పాత్రకు చెక్కడములును రంగులును ముఖ్యములు కావనియు, లోపల పోయుదానిని బట్టి ఆకృతి యుండవలెననియు ఆయన తలచెను. 1973లో ఒక్కొక్క ఆసవమున కొక్కొక్క రూపముగా పాత్రల వరుసనే వెలువరించెను.

కొలిమిలో ఎఱ్ఱగా కరగిన గాజుముద్దను గొట్టపు కొనకు చుట్టి, తడిపిన చెక్క అచ్చులో నుంచి, పనివాడు ఊపిరితో ఊదుచుండగా గిన్నె యేర్పడెను. కాడను, పాదమును పిదప అతికిరి. వెంటనే చల్లార్చిన పగులునట, మెల్లమెల్లగా చల్లారనీయవలెను.

పాత్రలను చూపిన యువతి మాటలను తమ్ముడు తెలిగించి చెప్పెను. బర్గండి ఎఱ్ఱ ఆసవమునకు బానకడుపు వంటి గిన్నె. అది యొక లీటరుకు పైగా పట్టును గాని, అందు పోయునది అయిదవవంతైనను కాదు. మిగిలిన చోటు పరిమళమునకు! బోర్డో ఎఱ్ఱ ఆసవమునకు పొడవైన గిన్నె. చల్లగా త్రాగు తెల్ల ఆసవమునకు చిన్నగిన్నె. కొంచెము కొంచెముగా పోసికొనినచో వేడెక్కక ముందే ముగియును. నురుగులు గ్రక్కు షాంపేనునకు సన్నని పాత్ర. వెడల్పు పళ్లెరమువంటి దానిలో బుడగలు వేగముగా పోవును. కాడ యెందుకనగా, అఱచేతి వేడి ఆసవమునకు తగులకుండుటకు.

నాలుక కొన తీపికి, ప్రక్కలు పులుపునకు అని చెప్పి పాత్ర మహిమను వర్ణించుట పూర్వము కలదు. అది సరికాదు, రుచులన్నియు నాలుకయందంతటను తెలియును. మహిమ యంతయు ముక్కునందే. 2015లో టోక్యో శాస్త్రజ్ఞులు ఆవిరిని చిత్రించు కెమెరాతో చూడగా, ఆసవపు పాత్రలో ఆల్కహాలు ఆవిరి అంచు చుట్టును కంకణమువలె నిలిచి, నడుమ పలుచనై యుండెను. నిలువుగోడల గ్లాసులో అట్లు కనబడలేదు. నడుమ ఘాటు తగ్గినచో పరిమళము తెలియును గదా. స్టీలు గ్లాసును ముసలమ్మగా రేల క్రింద పెట్టెనో అప్పుడు మాకు బోధపడెను.

వరుసయంతయు కొనవలెనన్న జీతము చాలదు. మేము నడిమి పరిమాణముగల, అంచు లోనికి ముడిచిన, ఒక్క రూపపు పాత్రల నాఱింటిని కొంటిమి. ఎఱుపునకును తెలుపునకును అవి చాలును. మూడవవంతుకు మించి పోయరాదు. వేడినీట బాగుగా కడిగి, వాసన లేని గుడ్డతో తుడిచి యుంచవలెను. సబ్బువాసన మిగిలిన శ్రమయంతయు వ్యర్థము.

ఆదివారము పులిహోర, వంకాయకూర, పప్పు, గారెలు చేసితిమి. ముసలమ్మగారు తమ్ముడు పోసిన పాత్రను కాడ పట్టి తిప్పి, కన్నులు మూసి వాసన చూచి, వానివంక తల యూచిరి. తమ్ముని ముఖము వికసించెను. మేము మావఱకు పానకమును ఆ గాజుపాత్రలలోనే పోసికొంటిమి. యాలకుల వాసన, శొంఠి ఘాటు మునుపెన్నడు నంత వేర్వేఱుగా తెలియలేదు. ఆమె అది యేమని యడిగి, “మీ యింట దీనిని వీనిలోనే త్రాగుదురా?” యనిరి. కాదు, స్టీలు గ్లాసులలోనని చెప్పితిమి. “అట్లైన నాకును దానిలోనే యిండు” అనిరి.

తమ్ముడు సిగ్గుపడి దాచిన గ్లాసునే మేము తీసి, పానకము పోసి యిచ్చితిమి. ఆమె తుదివఱకు త్రాగి, రెండవమాఱు అడిగిరి.