బురదబాట

నలువదియేండ్లు దాటిన బడిపంతులు, సంస్కృతమును ఇంగ్లీషును చెప్పుకొని బ్రతుకువాడు, రెండువందల కిలోల మోటారుసైకిలు నెక్కి వానకాలమున కొండబాటల బురదలో తిరుగుట యేల యని మమ్మడుగువారు పెక్కుమంది కలరు. తిన్నని తారురోడ్డు లేదా యని యొకరు. ఎముక విరిగినచో బడికెవరు పోవుదురని యొకరు. రెండును న్యాయమైన ప్రశ్నలే. వానికంటె న్యాయమైన మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని మాత్ర మెవ్వరును మమ్మడుగలేదు.

ఈజాతి బండ్లు నిన్న మొన్న పుట్టినవి కావు. జర్మనీ దేశపు బీఎండబ్ల్యూ సంస్థవారు 1980లో దాదాపు 800 సీసీల ఇంజను గల ఆర్ 80 జీ/ఎస్ అను బండిని అమ్మకమునకు తెచ్చిరి. రోడ్డుమీదను, రోడ్డు లేనిచోటను ఒక్కటే బండి నడుచునని లోకమునకు నమ్మకము కలిగించిన వానిలో నిది ముఖ్యమైనది. మరుసటి యేడే హ్యూబర్ట్ ఆరియోల్ అను ఫ్రెంచివాడు బీఎండబ్ల్యూ బండిమీద పారిస్-డాకర్ పందెమును గెలిచెను. మన దేశమున 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ వచ్చిన పిమ్మట ఈ సరదా జీతగాండ్రకును అందుబాటులోనికి వచ్చినది. ఇంజను 411 సీసీలు. ముందుచక్రము 21 అంగుళములు. ఇంజనుకును నేలకును నడుమ 220 మిల్లీమీటర్ల యెడము. మాదియు నదియే.

బురదలో బండి జారుట కొక కారణము కలదు. టైరుమీది గట్ల నడుమ మన్ను కూరుకొనును. అంతట గరుకైన చక్రము నున్నని చక్రమగును. ఎర్రమన్ను తడిసిన సబ్బువలె జారును. నల్లరేగడి యట్లు కాదు. జిగురువలె పట్టుకొని, చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ చేరి, చక్రమును తిరుగనే తిరుగనీయదు. అప్పుడు కొత్తవాడు మూడు పనులు చేయును: హ్యాండిలును బిగబట్టును, ముందుచక్రమునే చూచును, ముందుబ్రేకు నొక్కును. మూడును పడుటకు మార్గములే. తెలిసినవాడు ఫుట్‌రెస్టులమీద లేచి నిలుచును; మోకాళ్లతో ట్యాంకును ఒత్తిపట్టి చేతులను వదులు చేయును; పదిగజముల యవతల చూపు నిలుపును; రెండవ గేరులో సన్నగా నడుపును. టైర్లలో గాలి కొంచెము తగ్గించినచో అవి నేల నెక్కువగా పట్టును. అట్లు నిలిచినవాని కాళ్లక్రింద బండి తన యిచ్చవచ్చినట్లు ఊగును గాని, మనిషి ఊగడు. బలమును కొద్దికొద్దిగా ఇచ్చుటయే ఇందలి విద్య. పిల్లవాని చెవి మెలిపెట్టు పంతులును, హ్యాండిలు బిగబట్టు రౌతును ఒక్క బడిలో చదివినవారే.

పంకజశబ్దమును యోగరూఢి కుదాహరణముగా చూపుదురు. బురదలో పుట్టినవి పెక్కులున్నను ఆ పేరు తామరకే చెల్లినది. మా సరదాయు నట్టిదే. బురదలో ధైర్యము పుట్టునని చెప్పుకొందుము. అందు పుట్టు తక్కినవానికి పేరే పెట్టము.

ఒక శ్రావణమాసపు ఉదయమున పాడేరు మన్యములో నొక గూడెపు బాటపై పోవుచుండగా నలుగురు మనుష్యులు డోలీ మోసికొని దిగివచ్చుచుండిరి. వెదురుబొంగునకు కట్టిన దుప్పటిలో నిండుచూలాలు. మేము ఇంజను నార్పి, బండిని పొదలోనికి త్రోసి, త్రోవ యిచ్చితిమి. ముందటి సెలవునాడు వచ్చిన యొక బృందమువారి బండ్లు ఆ మలుపున జానెడు లోతు గాడులు చేసిపోయినవి. వానినిండ నీరు, అడుగు ఆను చోటు తెలియదు. వెనుకనున్న మనిషి జారి మోకరిల్లెను గాని బొంగును భుజమునుండి దిగనీయలేదు. మేమును ఒక చేయి వేసి దాటించితిమి. దాటిన పిదప వారిలో పెద్దవాడు, "బాబూ, మొన్న సంతకు పోయినప్పుడు ఈ గాడులు లేవు" అనెను. గొంతులో కోపము లేదు. మమ్ముల ననెనో, వాన ననెనో తెలియలేదు.

ఎవ్వరును అడుగని ప్రశ్న యిదియే: ఆ బాట యెవరిది?

బరువైన బండి వెనుకచక్రము నిలిచినచోటనే గిరగిర తిరిగినచో నేలను తవ్వును. వాలుమీద ఆ గాడియే వాననీటికి కాలువ యగును. నీరు మన్నును కొనిపోవును. ప్రతివానకు గాడి లోతగును. మనము సాయంకాలమునకు ఇల్లు చేరి బండి కడుగుకొందుము. గాడి వారికి మిగులును. గిరిజనగ్రామములకు రోడ్లు వేయుటకై 2025లో రాష్ట్రప్రభుత్వము అడవితల్లి బాట యను పేర పని నారంభించినది. సంతోషమే. కాని రోడ్డు చేరువరకు ఆ గూడెములకు మంటిబాటయే రోడ్డు, అదియే ఆసుపత్రి దారి.

కావున ఈ సరదాను మానుడని మేము చెప్పము, మేమును మానలేదు. పెద్దవాన వెలసినంతనే వాలుబాట నెక్కక, మన్ను గట్టిపడువరకు ఆగుడు. చక్రము కూరుకొనినచో ఆక్సిలరేటరు తిప్పకుడు; దిగి, రాళ్లును రెమ్మలును వేసి త్రోయుడు. బురదకు జంకి చోడిచేని మీదుగా కొత్తబాట తీయకుడు. మోతతో వచ్చువాడు కనబడినచో ఇంజను నార్పి ప్రక్కకు నిలువుడు. ఇవి నేర్చుటకు ధైర్య మక్కరలేదు, ఓర్పు చాలును. అవసరమైనచోట బండి దిగి నడువజాలనివాడు ఆ బాటమీద బండి నెక్కదగడు.