మూడువందల్ని ఎనిమిదితో భాగిస్తే...

"నాన్న గుండెలో బ్లాక్ ఉందట" అని ఫోన్లో చెప్పగానే బాబాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత శాతం? స్టెంటు ఎక్కడ వేయిస్తున్నారు?" వెనక నుంచి పిన్ని, "నేను చెబుతూనే ఉన్నా, బావగారు నెయ్యి మానరని" అంటోంది. వాళ్ళని అనడానికి లేదు. అంతకు గంట ముందు వరకూ నేనూ అలాగే అనుకున్నాను.

అది 2017 వేసవి. నాన్నకి 71 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ కళ్ళు తిరిగి కూలబడ్డారు. దగ్గర్లోని ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. డాక్టరుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నాడి కాస్త నెమ్మది, వయసు కదా" అని ఏవో మాత్రలు రాశారు. మేం సంతోషించాం కూడా. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషికి నాడి నెమ్మదిగా ఉంటే మంచిదేగా!

రెండోసారి పడినప్పుడు తలకి నాలుగు కుట్లు పడ్డాయి. గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ముందు బీపీ మాత్ర పేరు అడిగారు. అటెనొలాల్. "ఇది గుండె వేగం తగ్గిస్తుంది. ఆపి చూద్దాం" అన్నారు. తర్వాత నాన్న ఏం చేసేవారో తెలుసుకుని, ఈసీజీ కాగితం ఆయన ముందే పరిచారు.

"మాస్టారూ, ఈ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. చిన్న గడి ఒక మిల్లీమీటరు, అయిదు చిన్నవి కలిస్తే పెద్ద గడి. మరి నిమిషానికి?"

"పెద్ద గళ్ళు 300" అన్నారు నాన్న, తలకి కట్టుతోనే.

పాఠం మొదలైంది. చిన్న బుడిపెలాంటి అల గుండె పై గదులది. దాని వెంట నిటారుగా లేచే శిఖరం కింది గదులది. ఆ అల మొదలు నుంచి శిఖరం మొదలుకి మూడు నుంచి అయిదు చిన్న గళ్ళ దూరం ఉండాలి. పైనుంచి కరెంటు కిందికి దిగే సమయం అది. ఆ దారిలో అడ్డంకే ఈ బ్లాక్. రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం నీళ్ళ గొట్టం సంగతి, ఇది వైరింగ్ సంగతి.

ఆవిడ ఒక తెల్లకాగితం అంచు ఆనించి అలల దగ్గర పెన్సిలుతో గుర్తులు పెట్టారు. మూడున్నర పెద్ద గళ్ళకొక అల, క్రమం తప్పకుండా. ఎనిమిది గళ్ళకొక శిఖరం, అదీ క్రమం తప్పకుండా. రెంటికీ మాత్రం పొంతన లేదు. అల ఒకచోట శిఖరానికి ముందుంది, ఒకచోట శిఖరంలోనే మునిగిపోయింది. పైవాటా వాళ్ళూ కిందివాటా వాళ్ళూ మాటలు మానేసినట్టు.

"మూడువందల్ని ఎనిమిదితో భాగిస్తే ముప్ఫై ఏడున్నర" అని గొణిగారు నాన్న.

పాత రిపోర్టులున్నాయా అంటే అమ్మ సంచీలోంచి ఫైలు తీసింది. ఏడాది క్రితం శుక్లం ఆపరేషన్‌కి ముందు తీసిన ఈసీజీ ఉంది అందులో. అలకీ శిఖరానికీ మధ్య ఏడు చిన్న గళ్ళు. పైన 'ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్' అని మిషనే ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ చదవలేదు. చాలామందికి అది అంతటితో ఆగిపోతుందనీ, వైద్యం కూడా అక్కర్లేదనీ డాక్టరమ్మ అన్నారు. కానీ మొదటిసారి పడిన రోజున ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే? నా కోపం ఇంకా పోలేదు. సగం నా మీదే. ఆ ఫైలు చంకలో పెట్టుకుని తిరిగింది నేనే.

రెండు రోజులు మాత్ర ఆపినా గీతలు మారలేదు. పేస్‌మేకర్ అనగానే నాన్న మొండికేశారు. "బ్యాటరీతో బతకడమేంటమ్మా?" డాక్టరమ్మ వాదించలేదు. 1958లో స్వీడన్‌లో మొట్టమొదట శరీరంలో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్, 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికారని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాన్న మంచం మీంచే "నలభై మూడేళ్ళు" అన్నారు. పొద్దున్నే కళ్ళజోడు అడిగి సంతకం పెట్టారు.

ఇప్పుడు చెకప్‌కి వెళ్తే జేబులో చిన్న స్కేలు ఉండాల్సిందే. ప్రతి శిఖరానికి ముందూ వెతికితే కనిపించేంత సన్నని నిలువుగీత ఉంటుంది. అది పేస్‌మేకర్ చేసే పని. పోయినసారి "నాలుగు గళ్ళు, డెబ్భై అయిదు" అని తన కాగితం మడిచి, పక్క కుర్చీలో ఆయన కాగితం అడిగి తీసుకున్నారు. అమ్మ చెయ్యి పట్టి లాగేదాకా తిరిగివ్వలేదు.