దోహా నుంచి హాస్టల్‌కి

సీబీఎస్‌ఈ పదో తరగతి ఫలితాలు రాగానే దోహాలోని తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ: పిల్లాణ్ణి ఇక్కడే ఉంచాలా, ఇండియాలో హాస్టల్లో వేయాలా?

బిర్లా పబ్లిక్ స్కూల్, ఎంఈఎస్ లాంటి చోట్ల పన్నెండు దాకా చదువుంది. నీట్ రాయడానికి 2022లోనే దోహాలో సెంటర్ పెట్టారు. అయినా ఐఐటీ మాట వస్తే తండ్రుల చూపు విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల మీదే! ర్యాంకుల గోల వద్దనుకునే తల్లులు మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పేరెత్తుతారు. సీటు దొరకాలి కదా. దొరికినా సిలబస్ మారుతుంది, అక్కడ ఐఎస్‌సీ.

ఫీజులు, మెస్ భోజనం గురించి గంటలకొద్దీ వాకబు చేసేవాళ్లు కూడా ఒకటి మరిచిపోతారు.

రెసిడెన్సీ పర్మిట్ ఉన్నవాళ్లు ముందస్తు అనుమతి లేకుండా ఆరు నెలలకు మించి ఖతర్ బయట ఉండకూడదు. జూన్‌లో హాస్టల్‌కి వెళ్లిన పిల్లాడు సంక్రాంతికి వద్దామనుకుంటే అప్పటికే ఏడు నెలలు! దసరాకే టికెట్ తీయాలి. కొన్ని కాలేజీలు ఆ సెలవుల్లోనూ క్లాసులు పెడతాయి. అడ్వాన్స్ కట్టేముందే ఆ సంగతి అడిగి, కాగితం మీద రాయించుకోండి.