నుక్తా, బిందువు

రజా సాబ్ పేరెత్తితే మాకు రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. "ముస్లిం అయ్యుండీ బిందువు గీశాడు, ఎంత విశాల హృదయం!" అని సెక్యులర్ మిత్రులు మెచ్చుకుంటారు. "గుడికీ చర్చికీ కూడా పోయినాయన మనోడెట్లయితడు?" అని మావాళ్లు కొందరు మొహం తిప్పుకుంటారు. ఇద్దరి చేతిలోనూ అదే త్రాసు. తూచేది బొమ్మను కాదు, పేరును.

సయ్యద్ హైదర్ రజా 1922లో మండ్లా జిల్లా బాబరియాలో పుట్టాడు. తండ్రి అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. చుట్టూ అడవి, దగ్గర్లో నర్మద. చదువు మీద మనసు నిలవని ఆ పిల్లవాడికి బడిపంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడు. యాభై ఏళ్లకు ఆ చుక్కే పెద్ద నల్లటి సూర్యుడిలా ఆయన కాన్వాసులోకి వచ్చింది.

మేం అలిఫ్, బే దిద్దుకున్నప్పుడు మాకూ చుక్క ఉండేది, నుక్తా. కింద ఒకటి పెడితే బే, పైన రెండు పెడితే తే. చుక్క జరిగితే అక్షరమే మారిపోతుంది. అలాగని రజా బిందువు మా నుక్తాయేనని లాక్కోం. ఆయన దాన్ని బిందువనే అన్నాడు, కాన్వాసు మీద నాగరి లిపిలో మాటలు కూడా రాశాడు. అది ఆయన ఇష్టం. దాన్ని మంచి ముస్లిం సర్టిఫికెట్‌గా మా ముందు ఊపడమే మాకు గిట్టదు.

1947లో బొంబాయిలో హుసేన్, సూజా వంటివారితో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టాడు. ఆ రోజుల్లోనే తల్లి, ఏడాది తిరక్కుండా తండ్రి పోయారు. అన్నదమ్ములు, మొదటి భార్య పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆయన ఉండిపోయాడు. చిన్నప్పుడు మండ్లాలో గాంధీని చూశానని, ఆయనకు ద్రోహం చేయలేకపోయానని తర్వాత చెప్పుకున్నాడు. అద్దె ఇంటికని పోయి పేరు చెప్పినప్పుడల్లా "మీరెందుకు పోలేదు?" అన్న ప్రశ్నను ఎదుటివాళ్ల కళ్లల్లో చదివే మాకు ఈ సంగతి బిందువు కన్నా దగ్గరగా తగులుతుంది.

1948లో శ్రీనగర్‌లో ఫోటోగ్రాఫర్ కార్టియె బ్రెసాఁ ఆయన బొమ్మలు చూసి, రంగు ఉంది గాని కట్టుబడి లేదు, సెజాన్‌ని చదువుకోమన్నాడు. పొగడ్తకు కాదు, ఆ మాటకే రజా 1950లో పారిస్ వెళ్లాడు. ఇళ్లూ చర్చిలూ గీశాడు. 1956లో అక్కడి విమర్శకుల బహుమతి వచ్చింది. 1962లో పాఠాలు చెప్పడానికి బర్క్‌లీ వెళ్లి రోత్కోను చూశాక, రూపం కరిగి రంగే బొమ్మ కావడం మొదలైంది. పారిస్‌లో రూ ద షరోన్ స్టూడియో, ఎండాకాలాల్లో గోర్బియో కొండపల్లె స్టూడియో. భార్య జనీన్ కూడా చిత్రకారిణే. పేరూ డబ్బూ వచ్చాయి, కానీ తన బొమ్మలో తను లేడన్న దిగులు పట్టుకుంది. 1970లలో బెనారస్, అజంతా, రాజస్థాన్ తిరిగాడు. రాజపుత్ర మీనియేచర్ల మంట రంగులూ నర్మద ఒడ్డు చీకటీ కలిసి బిందువైంది. సెజాన్‌ను వదిలేయలేదు. వృత్తాలూ త్రికోణాలూ అంత గట్టిగా నిలబడటంలో ఆ కట్టుబడే ఉంది.

అరవై ఏళ్లు ఫ్రాన్సులో ఉండీ భారత పౌరసత్వం వదులుకోలేదు. జనీన్ 2002లో పోయింది. 2010 చివర్లో ఢిల్లీకి తిరిగొచ్చాడు. ఆ ఏడాది మొదట్లోనే ఆయన పాత జతగాడు హుసేన్, కేసులూ దాడులూ తరిమితే, ఖతార్ పౌరుడయ్యాడు. సరస్వతిని గీసినందుకు ఒకరికి దేశం పోయింది, బిందువు గీసినందుకు ఇంకొకరికి చప్పట్లు. ఇద్దరూ ఒకే గ్రూపులో కుంచె పట్టినవాళ్లు!

ఢిల్లీలో కూడా, చేయి వణుకుతున్నా, రోజూ స్టూడియోలో కూర్చున్నాడు. 2016 జూలై 23న పోయాడు. ఆయన కోరినట్టే మండ్లా తీసుకెళ్లి, తండ్రి గోరీ పక్కన మట్టి ఇచ్చారు.