కొడవలి కాని ఇనుము

మా రేగుంట గ్రామము మహారాష్ట్రమునందలి సిరొంచ తాలూకాలోనిది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడు వరకు మేము చంద్రపూరు జిల్లావారము. జిల్లా ఏదైనను మా ఇంట కొలిమి చెంత పలికిన భాష తెలుగే. బడిలో మరాఠీ చదివితిమి.

మా బాపు కమ్మరి. ఆయన దృష్టిలో లారీ యనగా కమానుల కట్ట. పాత లారీ క్రిందినుండి ఊడదీసిన కమాను పట్టీ మేలైన ఉక్కు; ఎర్రగా కాల్చి, దాగలిపై సాగగొట్టి, పదును పెట్టినచో అంచు చాలకాలము నిలుచును. కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తిపీటలు అన్నియు దానినుండియే పుట్టెడివి. లారీలో తక్కిన భాగమంతయు ఆయనకు లేనట్లే. ఆ తక్కిన భాగమే నా జీవనమైనది.

సిరొంచలో ఒక మరమ్మతు షెడ్డున వెల్డింగు నేర్చుకొంటిని. అతుకుట కొన్ని నెలలలో అలవడినది. చూచుట నేర్చుటకు మాత్రము ఏండ్లు పట్టినవి. షెడ్డు వెనుక గుట్టగా పడియున్న అరిగిన గేర్లు, క్లచ్ పలకలు, గొలుసులు, బేరింగులు కబాడీ వర్తకుని తక్కెడలో ఒకే ఇనుము. అయితే క్లచ్ పలకను వెలుతురునకు ఎత్తి చూచిన, అది ప్రొద్దుతిరుగుడు పువ్వు. మోటారు సైకిలు గొలుసు నేలపై జారవిడిచిన, అది తోక. 1942లో పికాసో సైకిలు సీటును, హ్యాండిలును జతచేసి ఎద్దు తలను చేసెనని తరువాత తెలిసినది. మనవారిలో తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావుగారు, వారి కుమారుడు రవిచంద్రగారు నట్లు, బోల్టులు, గొలుసులతో నిలువెత్తు విగ్రహములను నిర్మించిరి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునకు చెందిన శ్రీనివాస్ పడకండ్లగారు వాహనముల తుక్కునే ముడిసరుకుగా గ్రహించినవారు. వారి శిల్పముల చిత్రములు చూచినపుడు నా చూపు కేవలము పిచ్చి కాదని ధైర్యము కలిగెను.

ఆదిలాబాదు ప్రాంతపు ఓజులు మైనపు అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోయుదురు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందు లోహము కరగి తన పూర్వరూపమును మరచును. మా పని అట్లు కాదు. గేరు పక్షి మెడలో చేరిన తరువాత కూడ గేరుగానే కనబడవలెను. అది కనబడకున్న, రేకుబొమ్మకును దీనికిని భేదమేమి?

బాపునకు ఈ మాటలు రుచించలేదు. షెడ్డు పని మానుకొని బొమ్మలు చేయుదునని చెప్పిన నాడు ఆయన కోపగింపలేదు గాని, ఒక కట్టుబాటు పెట్టెను: "కొడవలయ్యే ఇనుము కొడవలే గావాలె బిడ్డా. అది గానిది నీది."

ఆ ఒక్క మాట నా చేతులను కట్టివేసినది. జంతువు చేయువానికి ప్రక్కటెముకలకు కమాను పట్టీని మించినది లేదు. వంపు దానికి పుట్టుకతోనే ఉన్నది. చిన్న తునకయైనను కత్తిపీట అగును గనుక దానిని ముట్టరాదు. చక్రపు రిమ్ములను కోసి ఎముకలు చేయవలసి వచ్చెను. పిస్టను అల్యూమినియము, ఇనుముతో అతుకదు, బోల్టుతో బిగింపవలెను. జింకు పూత గల రేకును కాల్చినపుడు లేచు తెల్లని పొగ రాత్రికి చలిజ్వరము తెచ్చును. పూతను ముందుగా గీకివేయుట మేలు. పెట్రోలు ట్యాంకు ఖాళీగా నున్నపుడే మిక్కిలి ప్రమాదకరము. ఈ పనిలో దిగదలచు పిల్లలకు కళను గూర్చి చెప్పుటకు ముందు ఇవియే చెప్పుచుందును.

నా పెద్ద శిల్పము మా నేలలోని జంతువే. సిరొంచ చేరువనున్న కోట గ్రామము పేర పిలువబడు శిలలలో 1960 ప్రాంతమున మహాకాయమైన బల్లిజాతి జంతువుల ఎముకలు కుప్పగా దొరికెను. 1975లో శాస్త్రజ్ఞులు దానికి బారాపాసారస్ టాగోరై అని పేరిడిరి. వంగభాషలో 'పెద్ద కాలు' అని మొదటి మాటకు అర్థము, రెండవది రవీంద్రుని స్మృతి. పలు జంతువుల ఎముకలను ఏరికూర్చి కోల్‌కతాలోని భారత సాంఖ్యక శాస్త్ర సంస్థలో ఒక్క అస్థిపంజరముగా నిలిపిరి. పలు లారీల అవయవములను ఒక్క దేహముగా కూర్చువానికి ఇంతకంటె దగ్గరి చుట్టమెవ్వరు? దాని పుర్రె దొరకలేదు. తల ఊహించుట వారికిని తప్పలేదు, నాకును తప్పలేదు.

నేను తలకు ఎన్నుకొన్నది పగిలిన గేరుపెట్టె. అది పోత ఇనుము. వెల్డింగు వేడి తగిలి త్వరగా చల్లారినచో బీటలు వారును. ఆ సాయంకాలము బాపు తానే లేచి, పెట్టెను కొలిమి ప్రక్కన నెమ్మదిగా కాకచేయించి, నేను అతుకు వేసిన వెంటనే బూడిదలో కప్పిపెట్టించెను. రాత్రియంతయు అట్లే ఉంచి, తెల్లవారిన పిమ్మట తీసితిమి. బీట లేదు.

తల నిలిపిన తరువాత ఆయన శిల్పము చుట్టును తిరిగి, ప్రక్కటెముకలను ఒక్కొక్కటిగా వ్రేలితో కొట్టి మ్రోత విని, "ఇండ్ల కమాను లేదు గద?" అని అడిగెను.

లేదంటిని.